పెళ్ళికి ఒకరు, పెద్దకర్మకు ఒకరు

“మాటిచ్చేశారా, ఇంకా లేదా? అదొక్కటి చెప్పండి,” అంది రాజ్యలక్ష్మి.

భావనారాయణ శర్మ ఉత్తరీయం మడత పెడుతున్నాడు. మడత కుదరనట్టు మళ్ళీ విప్పి దులిపాడు.

“ఇచ్చాను.”

“ఎప్పుడు?”

“నువ్వు పాలు పొయ్యి మీద పెట్టినప్పుడు. వెంకట్రామయ్యగారే ఫోన్ చేశాడు. అంత పెద్దమనిషి ఏడుస్తున్నాడు.”

“బాగుంది. పాలు కాగే లోపల ఇంటి సంగతంతా తేల్చేశారు.”

వంటింట్లో కుక్కరు ఒకసారి గట్టిగా కూసి ఊరుకుంది. తెనాలి ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. వీధి చివర టిఫిన్ బండి దగ్గర గిన్నెలు సర్దుతున్న చప్పుడు తప్ప మరేం లేదు.

వరండాలో ఆయన తమ్ముడు పానకాల శర్మ తల వంచుకుని కూర్చున్నాడు. మెడ చుట్టూ మఫ్లరు. గుంటూరు ఆస్పత్రిలో గొంతులో పెరిగిన కాయ తీసేసి, నెల్లాళ్ళు నోరు విప్పవద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. రాత్రి అక్కడి నుంచి నేరుగా అన్నగారింటికే వచ్చాడు. వచ్చాడన్న మాటే గానీ గడప దాటలేదు. మామూలు రోజుల్లోనే అంతంత మాత్రం, ముహూర్తాల రోజుల్లో అసలు దాటడు.

ఆ నియమం ఎవరూ పెట్టలేదు. పానకాలే పెట్టుకున్నాడు. అక్కర్లేదు, లోపలికి రా అన్నవాళ్ళు కూడా ఎవరూ లేరు.

అన్నగారు పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, వ్రతాలు చేయిస్తాడు. తమ్ముడు రేపల్లె అవతల పెనుమూడి రేవులో, కృష్ణ ఒడ్డున, పోయినవాళ్ళకు కర్మలు చేయిస్తాడు. ఇద్దరూ ఒకే తండ్రి ముందు ఒకే చాప మీద కూర్చుని చదువుకున్నవాళ్ళే. కానీ అపరం చేయించే మనిషిని జనం పెళ్ళికి పిలవరు. అక్షింతలు వెయ్యడానికి కూడా ఆ చేతిని రానివ్వరు. పానకాలుకు పిల్లనిస్తామని వచ్చినవాళ్ళే లేకపోయారు.

ఇవాళ వెంకట్రామయ్యగారి భార్యకు పెద్దకర్మ. చేయించాల్సిన పానకాలుకు గొంతు లేదు. రేపల్లెలో ఉన్న ఇంకొకాయనకు ఇంట్లో మైల. మరొకాయన కాశీ వెళ్ళి ఇంకా రాలేదు.

“ఇంత డెల్టాలో ఇంకో బ్రాహ్మడే దొరకలేదా?” అంది రాజ్యలక్ష్మి.

“దొరికితే నేనెందుకు మాటిస్తాను?”

“ప్రసాదరావుగారి అమ్మాయి కావేరి పెళ్ళి వచ్చే బుధవారం. గుర్తుందా?”

“ఉంది.”

“ప్రసాదరావుగారు బాపట్లలో మనకు పెద్ద అండ. ఆయన ఇంట్లో మిమ్మల్ని వద్దంటే ఆ వైపున ఇంకే ఇంట్లోనూ పిలవరు. మగపెళ్ళివారు చూస్తే చీరాల బట్టల వ్యాపారం వాళ్ళు. కొబ్బరికాయ వంకరగా పగిలితే మూడు రోజులు మాట్లాడుకునే మనుషులు. పిండాలు పెట్టించిన చెయ్యి మంగళసూత్రం అందిస్తుందంటే ఊరుకుంటారా?”

నీరజ జడ అల్లుకుంటూ గదిలోంచి వచ్చింది. బాపట్లలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతుంది. పొద్దున్నే రైలెక్కాలి.

“అమ్మా, నాన్న చేసేది తప్పంటావా?”

“తప్పని నేనన్నానా? ఒక్క మాటైనా అన్నానా?” రాజ్యలక్ష్మి కూతురి వైపు తిరిగింది. “మీ తాతగారు రెండూ చేయించేవారు. నీకు తెలీదు. ఆయన వీధిలోకి వస్తే, ఎదురుపడ్డవాళ్ళు వెనక్కి తిరిగి ఇంట్లోకెళ్ళి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని అప్పుడు బయల్దేరేవాళ్ళు. అది చూడలేక ఆయన సందుల్లోంచి నడిచేవారు. అప్పుడు నేను కొత్త కోడల్ని. అంత చదువుకున్న మనిషి దొంగలాగా సందుల్లోంచి ఇంటికి రావడం నేను కళ్ళతో చూశాను. అందుకే ఆయనే పంచేశారు. పెద్దవాడికి శుభం. చిన్నవాడికి…”

అక్కడ ఆగిపోయింది. వరండాకీ గదికీ మధ్య తలుపు తెరిచే ఉంది.

పానకాలు తల ఎత్తలేదు. మఫ్లరు కొస తీసి మళ్ళీ మెడ చుట్టూ వేసుకున్నాడు.

పంపకాల నాడు అతను అన్న మాట భావనారాయణకు బాగా గుర్తు. నదీ తీరం నాకు బాగుంటుందిలే అన్నయ్యా, గాలి వస్తుంది, అన్నాడు. ఆ మాటకు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

నీరజే మాట మార్చింది. “పాత రోములో ఒక పూజారి ఉండేవాడమ్మా. వాళ్ళ పెద్ద దేవుడికి. ఆయన శవాన్ని ముట్టకూడదు. గుర్రం ఎక్కకూడదు. కవాతుకు నిలబడ్డ సైన్యాన్ని కళ్ళతో చూడకూడదు. బట్టలకు ముడి కూడా ఉండకూడదు. అంటే మనకొక్కళ్ళకే కాదు ఈ పట్టింపు. దేవుడికి దగ్గరగా ఉండేవాడు చావుకి దూరంగా ఉండాలని చాలాచోట్ల అనుకున్నారు.”

“ఆయన పెళ్ళాం ఏమందో మీ పుస్తకాల్లో రాశారా?”

“ఆవిడకీ నియమాలున్నాయి. ఆవిడ పోతే ఆయన ఉద్యోగం పోతుంది.”

రాజ్యలక్ష్మి భర్త వంక చూసింది. “విన్నారా? రోమువాళ్ళకైనా తెలిసింది పెళ్ళాం విలువ.”

నీరజ నవ్వేసింది. వరండాలో పానకాలు భుజాలు కదిలాయి. గొంతు లేకపోయినా నవ్వు మాత్రం ఆగలేదు.

భావనారాయణ చెప్పులు వేసుకున్నాడు.

“రాజ్యం, ఆయనకు పిల్లల్లేరు. ఆవిడకు ఆయనే కర్త. ఈ పూట జరగకపోతే, ఆవిడకు ఏమీ చెయ్యలేకపోయానని ఆయన బతికినన్నాళ్ళూ కుములుతాడు.”

“వెళ్ళండి. వద్దంటే ఆగుతారా?” ఆమె లోపలికెళ్ళి స్టీలు డబ్బాలో అటుకులు, చిన్న ఫ్లాస్కులో మిరియాలు వేసిన పాలు తెచ్చి పానకాలు పక్కన బెంచీ మీద పెట్టింది. “ఎండలో కూర్చోకు. ఆయన మంత్రం తప్పినా నువ్వు నోరు తెరవకు.”

* * *

రేపల్లె ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చున్నారు అన్నదమ్ములు. చిన్నప్పుడు ఇద్దరికీ ఆ కిటికీ కోసం దెబ్బలాట. ఇప్పుడు నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చోమని సైగలు.

వేమూరులో ఎక్కిన ఒకామె ఎదుటి సీట్లో కూర్చుంది. పానకాలును చూసి గుర్తుపట్టింది. నమస్కారం పెట్టి, “మా నాన్నకి మీరే చేయించారండీ,” అంది ఎంతో గౌరవంగా. తర్వాత ఒడిలో ఉన్న పసిపిల్లను ఎత్తుకుని, మెల్లిగా లేచి, అవతలి సీటుకు మారిపోయింది.

పానకాలు కిటికీలోంచి మినప చేలు చూస్తున్నాడు. అతనికి అది కొత్త కాదు. భావనారాయణకు కొత్త. తమ్ముడితో కలిసి రైలెక్కి ఎన్నేళ్ళయిందో ఆయనకు గుర్తు రాలేదు.

భట్టిప్రోలు దాటుతుంటే దూరంగా ఆ పాత స్తూపం దిబ్బ జ్ఞాపకం వచ్చింది. ఎవరో మహానుభావుడి ఎముకలు భరిణెలో పెట్టి, మీద ఇటుకలు పేర్చి, చుట్టూ తిరిగి దండం పెట్టారట ఇక్కడివాళ్ళు. అవి భరిణెలో పెట్టేటప్పుడు పక్కన నిలబడి నాలుగు మాటలు చదివినవాడు ఒకడు ఉండే ఉంటాడు. వాణ్ణి తర్వాత ఊళ్ళో పెళ్ళికి పిలిచారో, లేక వాడూ సందుల్లోంచే ఇంటికి పోయాడో.

“పానకాలూ,” అన్నాడు. “క్రమం అంతా నాకు గుర్తుంది. స్టేషనుకు వస్తూ ఒకసారి మనసులో నెమరు వేసుకున్నాను.”

పానకాలు తల ఊపాడు. అన్న మోకాలి మీద రెండుసార్లు తట్టి మళ్ళీ చేలవైపు చూశాడు.

* * *

పెనుమూడి రేవులో నీళ్ళు సన్నగా పారుతున్నాయి. వెంకట్రామయ్య వైపు బంధువులు, పోయినావిడ పుట్టింటివాళ్ళు, వీధిలోవాళ్ళు చాలామందే వచ్చారు. వాళ్ళ వీధి చివర ఉన్న లూథరన్ చర్చి పాస్టరు దేవసహాయం కూడా వచ్చి, ఒక పక్కగా గొడుగు వేసుకుని నిలబడ్డాడు.

“అయ్యగారూ, ఇటు రండి,” అని వెంకట్రామయ్య పిలిచాడు.

భావనారాయణా కదిలాడు, దేవసహాయమూ కదిలాడు. ఇద్దరూ ఆగి ఒకరినొకరు చూసుకున్నారు.

“మిమ్మల్నేనండి,” అని పాస్టరు నవ్వి వెనక్కి తగ్గాడు. తగ్గుతూ, ఎండలో నిలబడ్డ పానకాలును చూసి గొడుగు అతని నెత్తి మీదికి జరిపాడు. అది మొదలు కర్మ అయ్యేదాకా ఆ గొడుగు అక్కణ్ణుంచి కదల్లేదు.

భావనారాయణ దర్భలు సర్దాడు. వెంకట్రామయ్యను దక్షిణ ముఖంగా కూర్చోబెట్టాడు. గోత్రం చెప్పించాడు. ఆయన చెప్పాడు.

“ఇప్పుడు అమ్మగారి పేరు చెప్పండి.”

వెంకట్రామయ్య దర్భల వంక చూశాడు.

“మీ భార్య పేరండీ. మీ నోటితోనే చెప్పాలి.”

“పేరా అయ్యగారండీ?” వెంకట్రామయ్య చుట్టూ చూశాడు, ఎవరైనా అందిస్తారేమోనని. “నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదండి. ఇదిగో అనేవాణ్ణి. అంటే పలికేది.”

వెనక ఎవరో ముసలమ్మ ముక్కు చీదింది. మేనల్లుడు నిఖిల్ అందించబోయాడు, “కోటే…” అని. భావనారాయణ చెయ్యెత్తి ఆపాడు.

“ఏం తొందర లేదు. మీకు ఎప్పుడు వస్తే అప్పుడే చెప్పండి.”

అలా అన్నాక ఆయనకే ఆశ్చర్యం వేసింది. తొందర లేదన్న మాట తన నోటి వెంట వచ్చి ఎంత కాలమైంది? పెళ్ళి పందిట్లో తన పక్కన ఎప్పుడూ ఒక వీడియో కుర్రాడు ఉంటాడు. పంతులుగారూ, సూత్రం ఒకసారి మళ్ళీ పైకెత్తించండి, క్లోజప్ రాలేదు. పంతులుగారూ, ఆ మంత్రం కాసేపు ఆపండి, డీజేవాడు పాట వేస్తాడు. పొగ మంచు మిషన్ దగ్గరకి జరగండి. మంత్రాల్లో ఏవి వదిలేస్తే ఎవరికీ తెలియదో ఆయనకు అలవాటైపోయింది. ఏ వాక్యం దగ్గర భోజనాల పిలుపు వస్తుందో కూడా తెలుసు. నిండు పందిట్లో ఆయన మాట వింటున్నది అగ్నిహోత్రం ఒక్కటే అనిపించేది ఒక్కోసారి. అది కూడా గ్యాసు సిలిండరు పక్కన పెట్టుకుని ఎవరో వెలిగించిందే.

ఇక్కడ ఇంతమందీ ఆయన నోటి వంకే చూస్తున్నారు. మంత్రానికి అర్థం తెలిసి కాదు. ఈ మనిషికి ఏం చెయ్యాలో తెలుసు, చెబితే మేమూ చేస్తాం అన్న ఆశ. పూర్వం గ్రహణం పట్టినప్పుడు, వరద వచ్చినప్పుడు, రాజు చచ్చిపోయినప్పుడు జనం పూజారి ముఖం వంక ఇలాగే చూసి ఉంటారు.

వెంకట్రామయ్య గొంతు సవరించుకున్నాడు.

“కోటేశ్వరమ్మ,” అన్నాడు.

అని, మళ్ళీ అన్నాడు, ఈసారి ఎవరూ అడగకుండానే. నీళ్ళవైపు తిరిగి, పక్కింట్లోకి వెళ్ళిన మనిషిని పిలిచినట్టు.

భావనారాయణ తర్వాతి మంత్రం వెంటనే ఎత్తుకోలేదు. ఎత్తుకున్నాక ఒక్క అక్షరం వదల్లేదు.

నిఖిల్ వెనక నుంచి ఫోనులో వీడియో తీస్తున్నాడు. హైదరాబాదులో మంచం మీదున్న అత్తయ్య చూస్తానందట. భావనారాయణ గమనించాడు గానీ వద్దనలేదు.

అందరూ ధర్మోదకాలు వదిలాక, స్నానాలవుతుంటే, దేవసహాయం వచ్చి పక్కన కూర్చున్నాడు.

“కోటేశ్వరమ్మగారు ఏటా నాకు మాగాయ జాడీ పంపేదండి. పాస్టరమ్మకు ఊరగాయ పెట్టడం రాదని ఆవిడ నమ్మకం. నిజమే, రాదు.”

భావనారాయణ నవ్వాడు. “మీ పని నయమండీ. మీకు ఈ పంపకాలు లేవు. పెళ్ళికైనా, సమాధికైనా మీరే.”

“లేవనుకుంటున్నారా? మొన్న ఫిబ్రవరిలో పొద్దున ఒక సమాధి, మధ్యాహ్నం ఒక పెళ్ళి. పెళ్ళికూతురి తల్లి నన్ను పక్కకు పిలిచి, అయ్యగారూ, అదే అంగీతో వస్తారా అంది.”

“మీరేమన్నారు?”

“ఏమంటానండీ? ఇంటికెళ్ళి ఇంకో అంగీ వేసుకొచ్చాను. దానికి ఇస్త్రీ లేదు. ఆ పెళ్ళి ఫోటోల్లో చూడండి, పెళ్ళికొడుకు మెరిసిపోతుంటాడు, నేను నలిగిపోయి ఉంటాను.”

పానకాలు నోరు మూసుకుని ఊగిపోయాడు.

“మోషే నాటి యాజకులకు కూడా ఈ కట్టడి ఉండేది,” అన్నాడు పాస్టరు. “చనిపోయినవాళ్ళ దగ్గరికి పోకూడదు. తల్లి, తండ్రి, బిడ్డ, తోడబుట్టినవాడు, అలా రక్తసంబంధమైతే తప్ప.”

“మరి మీరెలా పోతున్నారు?”

“మా సంఘంలో నాకు సంబంధం లేనివాళ్ళెవరో ఇంకా తేలలేదండి. తేలాక మానేస్తాను.”

భావనారాయణ తడి పంచె పిండుతూ ఆ మాట గురించే ఆలోచించాడు. ఈ ఉదయం ఇంట్లో తను ఆ పెద్దాయనకు పిల్లలు లేరని మాత్రమే చెప్పాడు. తోడబుట్టినవాడి పని తను చేయడానికి వెళుతున్నానని చెప్పలేదు. చెప్పి ఉంటే రాజ్యలక్ష్మి ఏమనేదో.

* * *

ఆస్పత్రిలో మళ్ళీ చూపించాలి కాబట్టి పానకాలును ఆయన రేపల్లెలో వదల్లేదు. వెంట తెనాలి తీసుకొచ్చేశాడు.

ఆ రాత్రి పానకాలు వరండాలో చాప వేసుకోబోతుంటే రాజ్యలక్ష్మి చాప లాక్కుంది. “దోమలు. ముందు గదిలో పరుపు వేశాను.”

పానకాలు తల అడ్డంగా ఊపాడు.

“నోరు లేనివాడివి, నాతో వాదన పెట్టుకోకు. వెళ్ళి పడుకో.”

వెళ్ళి పడుకున్నాడు. గడప పక్కనే, గోడకు ఆనుకుని, ఎవరికీ అడ్డం రాకుండా.

రెండు రోజులు ఏమీ జరగలేదు. ఏమీ జరగడం లేదని రాజ్యలక్ష్మి పైకి అనకుండా లోలోపల సంతోషించింది. కావేరి పెళ్ళికి కావలసిన సామాను చూసి పెట్టింది. పసుపు కొమ్ములు, నూలు పోగులు, తలంబ్రాల పళ్ళెం మీద కప్పే తెల్ల బట్ట.

మూడో రోజు సాయంత్రం ఇంటి ముందు కారాగింది. ప్రసాదరావు ఒక్కడే దిగాడు. పెళ్ళి ఇంకా నాలుగు రోజులుండగా ఆడపిల్ల తండ్రి ఒక్కడే రావడం చూసి రాజ్యలక్ష్మి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

ప్రసాదరావు నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి చాలాసేపు దాని వంకే చూశాడు.

“శర్మగారూ, నా పెళ్ళి మీ నాన్నగారు చేయించారు. మా అక్క పెళ్ళి ఆయనే, మా పిల్లల నామకరణాలు మీరే. మీ ఇంటి మీద నాకున్న గౌరవం నేను చెప్పక్కర్లేదు.”

“చెప్పండి ప్రసాదరావుగారూ. గౌరవం సంగతి కాదుగా వచ్చింది.”

“పెనుమూడిలో ఎవరిదో పెద్దకర్మ వీడియో. వియ్యంకుడి తమ్ముడి ఫోనుకి ఎలాగో వచ్చింది. మీ మనిషేగా అంటున్నారు. వీపు కనిపిస్తోంది, పిలక కనిపిస్తోంది, గొంతు వినిపిస్తోంది. ముఖం సరిగా లేదు.”

నీరజ గదిలోంచి వచ్చి తల్లి పక్కన నిలబడింది.

“నాకు పట్టింపు లేదు,” అన్నాడు ప్రసాదరావు. గొంతులో నిజం ఉంది. “దేవుడి సాక్షిగా చెబుతున్నాను, లేదు. కానీ వాళ్ళున్నారే. వేరే పంతుల్ని మేమే తెచ్చుకుంటాం అంటున్నారు. నిన్నటి నుంచి మా కావేరి అన్నం తినడం లేదు. శర్మగారు లేకపోతే పీటల మీద కూర్చోనంటోంది. దాని మొండితనం మీకు తెలుసుగా. చెవులు కుట్టించేటప్పుడే మీ జంధ్యం పట్టుకుని వదల్లేదు.”

“ఇప్పుడేం చెయ్యమంటారు?”

ప్రసాదరావు ముందుకు వంగాడు. “ఒక్క మాట. పెనుమూడిలో ఎప్పుడూ చేయించేది మీ తమ్ముడే. ఊరందరికీ తెలుసు. అన్నదమ్ములిద్దరూ వెనక నుంచి ఒక్కలాగే ఉంటారు. ఆ రోజు చేయించింది కూడా ఆయనేనని ఒక్క ముక్క చెప్పండి. వియ్యంకుడు లైన్లో ఉంటాడు. అంతటితో అయిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. పోయినావిడకు జరగాల్సింది జరిగింది, మా పిల్లకు జరగాల్సింది జరుగుతుంది.”

గదిలో ఫ్యాను తిరుగుతోంది. రాజ్యలక్ష్మి కొంగు చేతికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. చెప్పేయండి అని ఆమె అనలేదు. వద్దనీ అనలేదు.

వరండాలో ఉన్న పానకాలు లేచి గడపలోకి వచ్చాడు. అరచెయ్యి తన గుండెల మీద పెట్టుకుని అన్న వైపు చూశాడు. నేనేనని చెప్పు. మళ్ళీ చూపించాడు, ఈసారి గట్టిగా, గుండెల మీద కొట్టుకుంటూ.

భావనారాయణ తల తిప్పుకున్నాడు.

అప్పుడు పానకాలు నోరు తెరిచాడు. మెడ నరాలు బిగిశాయి. “నే…నే,” అన్నాడు. అది గొంతులా లేదు, ఎండిన కొబ్బరి మట్ట నేల మీద ఈడ్చినట్టుంది. “నే…నే చేయిం…”

“బాబాయ్!” అని నీరజ వెళ్ళి అతని భుజం పట్టుకుంది.

“నోరు ముయ్యి పానకాలూ!” భావనారాయణ అరిచాడు. ఆ ఇంట్లో ఆయన అరవగా అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. “ఆ గొంతు దేనికి దాచుకోమన్నాడు డాక్టరు? నా కోసం అబద్ధం ఆడటానికా?”

ప్రసాదరావు అప్పటికే నంబరు నొక్కాడు. అవతల ఎత్తినట్టున్నారు. “ఇదిగోనండి, శర్మగారు మాట్లాడతారు,” అని ఫోను చాపాడు. ఆ చెయ్యి బతిమాలుతున్నట్టుంది.

భావనారాయణ అందుకున్నాడు.

“నమస్కారమండీ. తెనాలి నుంచి భావనారాయణ శర్మను. మీరు చూసిన వీడియోలో చేయిస్తున్నది నేనే.” తమ్ముడి వైపు చూశాడు. “మా తమ్ముడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. వాడికి గొంతు బాగాలేదు. వాడి పని నేను చేశాను. నా పని వాడు చెయ్యాల్సి వచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఆ తర్వాత మీ ఇష్టం.”

ప్రసాదరావు కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. రాజ్యలక్ష్మి గోడకు ఆనుకుంది. ఆమె ముఖంలో కోపం ఉందో, ఇంకేముందో భావనారాయణకు తెలియలేదు. చూడడానికి ధైర్యం చాల్లేదు.

లైను ఉంది. అవతల ఎక్కడో టీవీ మోగుతోంది. చివరికి వియ్యంకుడి గొంతు, “అయితే ఇంక అనుకోవడానికేం లేదండి, మేము…” అని మొదలుపెట్టింది.

మాట పూర్తి కాలేదు. వెనక నుంచి ఒక ముసలావిడ, “ఆ ఫోను ఇలా తే,” అంది. “అమ్మా, నువ్వూరుకో,” అన్నాడు ఆయన. “తే అంటున్నానా!” గాజుల చప్పుడు. ఫోను చేతులు మారింది. తలుపు వేసిన చప్పుడు కూడా వినిపించింది.

“అయ్యా,” అంది ఆమె. గొంతు బాగా తగ్గించింది. “నేను పెళ్ళికొడుకు నాయనమ్మను. మా ఆయన మంచాన ఉన్నాడు. పెళ్ళి అయ్యేదాకా బయటికి చెప్పొద్దని దాచి పెట్టారు వీళ్ళు. ఇవాళో రేపో అన్నట్టున్నాడు. పదే పదే అడుగుతున్నాడు, ఎవరైనా వచ్చి తల దగ్గర కూర్చుని నాలుగు మాటలు చదువుతారా అని. పెళ్ళి పంతుల్ని ఆ మాట అడగకూడదంట. ఆ కర్మల పంతుల్ని ఇప్పుడే ఇంటికి పిలవకూడదంట. మిమ్మల్ని అడగొచ్చా?”

భావనారాయణ ఫోను చెవికి మరింత గట్టిగా ఆనించుకున్నాడు.

వెళితే ఆ ఇంట్లో దాచిన సంగతి బయటపడుతుంది. కావేరి పెళ్ళి ఉంటుందో ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. వెళ్ళకపోతే అక్కడొక మనిషి నాలుగు మాటల కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

“ఏమంటున్నారు?” అన్నాడు ప్రసాదరావు, కుర్చీలోంచి సగం లేచి.

రాజ్యలక్ష్మి, నీరజ, పానకాలు, అందరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. అవతల ఆమె అడిగిందేమిటో వాళ్ళెవరికీ తెలియదు.

“అయ్యా, ఉన్నారా?” అంది ఆమె.